పోస్ట్‌మోడర్న్ మీడియా పేపరు, ఎడిటింగ్: రెండూ ఒకే టైమ్‌లైన్ మీద

మీరు అడిగింది ఇదీ: ఊరు నెల్లూరు, చెన్నైలో విస్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్) రెండో ఏడు. ఈ సెమిస్టర్‌లో పోస్ట్‌మోడర్న్ మీడియా పేపరు ఉంది, పుస్తకం తెరిస్తే బుర్రకు ఎక్కడం లేదు. మరోపక్క ఎడిటింగ్ గట్టిగా నేర్చుకోవాలనుంది, చేతిలో 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది. ముందు దేని సంగతి చూడాలి?

రెండింటినీ విడదీయకండి. ఆ పేపరులో భయపెట్టే పదాలు చాలావరకు ఒక షాట్ పక్కన మరో షాట్ పెట్టినప్పుడు జరిగే పనులకు పెట్టిన పేర్లే. పేరడీ (వెక్కిరించే అనుకరణ), పాస్టిష్ (వెక్కిరింపు లేని అనుకరణ), ఇంటర్‌టెక్స్చువాలిటీ (ఒక రచనలో ఇంకో రచన పలకడం), సిమ్యులేక్రం (అసలు లేని నకలు), ఏదైనా సరే టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో షాట్లను వరుసగా పేర్చే పట్టీ) మీద మీ చేత్తో ఒకసారి కోసి అతికితే పరీక్షలో సొంత మాటల్లో రాయగలుగుతారు. ఎందుకు కోస్తున్నామో ఆలోచించకుండా సాఫ్ట్‌వేర్ బటన్లు మాత్రమే నేర్చుకుంటే, కొన్నాళ్లకు చేతివేగం పెరుగుతుంది గానీ కట్ మెరుగుపడదు.

చదువులో మొదట ఏ పుస్తకం పట్టుకున్నామన్నది చాలా తేడా తెస్తుంది. ఎక్కువమంది ఫ్రెంచ్ సిద్ధాంతకర్త బోద్రియార్‌తో మొదలుపెట్టి రెండో పేజీలోనే వదిలేస్తారు. అమెరికన్ విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్‌తో మొదలుపెట్టండి, అదీ 1991 నాటి లావు పుస్తకంతో కాదు. ఆయన 1982లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఇచ్చిన ఉపన్యాసం 1983లో 'పోస్ట్‌మోడర్నిజం అండ్ కన్స్యూమర్ సొసైటీ' పేరుతో చిన్న వ్యాసంగా అచ్చయింది. ఒక సాయంత్రంలో చదివేయవచ్చు. పాస్టిష్‌కీ పేరడీకీ తేడా అందులో శుభ్రంగా ఉంటుంది. తర్వాత ఫ్రెంచ్ తత్వవేత్త లియోటార్ 1979 పుస్తకం 'ది పోస్ట్‌మోడర్న్ కండిషన్'కు రాసుకున్న ముందుమాట చాలు. అన్నింటినీ వివరించేస్తానని చెప్పే మహాకథనాల మీద జనానికి నమ్మకం పోవడమే పోస్ట్‌మోడర్న్ అని ఆయన అన్నది అక్కడే. ఆ రెండూ అయ్యాకే 1981 నాటి బోద్రియార్ పుస్తకం 'సిమ్యులేక్రా అండ్ సిమ్యులేషన్'లో మొదటి అధ్యాయం. దాని నెత్తిన బైబిల్‌లోని ప్రసంగి గ్రంథం నుంచి తీసుకున్నట్టు ఒక వాక్యం ఉంటుంది. బైబిల్‌లో ఆ వాక్యం లేదు, అది బోద్రియార్ కల్పించిందే. దాన్ని బైబిల్ వాక్యంగా జవాబు పత్రంలో రాస్తే, తెలిసిన ఎగ్జామినర్ చేతిలో మార్కులు పోతాయి.

పేరడీ, పాస్టిష్‌ల తేడాకు మన సినిమాలే చాలు. 2010లో తమిళంలో వచ్చిన 'తమిళ్ పడం', దాన్ని 2012లో తెలుగు చేసిన 'సుడిగాడు' పేరడీలు. హీరో ఎంట్రీలనూ పంచ్ డైలాగులనూ ఒక్కొక్కటిగా పట్టుకుని, వాటిని పెంచి, వాటిలోని అసంగతాన్ని బయటపెట్టి నవ్విస్తాయి. ఇప్పుడు 1982 నాటి 'దేవత'లోని 'ఎల్లువొచ్చి గోదారమ్మ' పాటను, 2019లో 'గద్దలకొండ గణేష్' మళ్లీ తీసిన తీరును పక్కపక్కన పెట్టి చూడండి. బిందెలు, రంగులు, స్టెప్పులు అన్నీ పాతవాటినే తలపిస్తాయి. కానీ ఎక్కడా వెక్కిరింపు లేదు. పాత శైలిని మోజుతో తొడుక్కోవడమే ఉంది. వెక్కిరించే ఉద్దేశం తీసేసిన అనుకరణను జేమ్సన్ పాస్టిష్ అన్నాడు. పైగా ఆ సినిమా 2014 నాటి తమిళ 'జిగర్‌తండా'కు రీమేక్, కథేమో గ్యాంగ్‌స్టర్ మీద సినిమా తీయబోయే కుర్ర దర్శకుడిది. సినిమా తన గురించి తానే మాట్లాడుకోవడం అన్న ప్రశ్నకు కూడా అదే పనికొస్తుంది.

సిమ్యులేక్రం దగ్గర 'మాయాబజార్' చాలా సాయం చేస్తుంది, కాకపోతే జాగ్రత్తగా వాడాలి. 1957లో ఇదే చెన్నపట్నంలో తయారైన ఆ సినిమాలో ఘటోత్కచుడు లేని ఊరిని నిలబెడతాడు, శశిరేఖ వేషం తానే కడతాడు. ప్రియదర్శిని పేటిక ఎవరు మూత తీస్తే వాళ్లకు ఇష్టమైనదే చూపిస్తుంది. ఇదంతా బోద్రియార్ చెప్పినట్టే ఉందని సంబరపడి రాసేస్తారు విద్యార్థులు. కానీ చివర్లో సత్యపీఠం ఉంది. శకుని దాని మీద నిలబడగానే నిజం కక్కుతాడు, మాయ విడిపోతుంది, అసలు శశిరేఖకు అప్పటికే పెళ్లయిపోయిందని బయటపడుతుంది. అంటే ఆ కథలో నకలు వెనక అసలు భద్రంగా ఉంది. బోద్రియార్ నాలుగు మెట్లు చెప్పాడు: బొమ్మ నిజాన్ని చూపడం, నిజాన్ని వక్రీకరించడం, నిజం లేదన్న సంగతిని దాచడం, చివరికి నిజంతో ఏ సంబంధమూ లేకపోవడం. మాయాబజార్ రెండో మెట్టు దగ్గర ఆగిపోతుంది. నాలుగో మెట్టుకు ఉదాహరణ మీ ఫోన్‌లోనే ఉంది, బ్రహ్మానందం మీమ్. ఆ ముఖం ఏ సినిమాలోదో, ఆ సీన్‌లో ఏం జరిగిందో పంపేవాడికీ తెలియదు, అందుకున్నవాడికీ అక్కర్లేదు. సత్యపీఠం లేని మాయాబజార్ అని రాసి, ఈ తేడాను నాలుగు వాక్యాల్లో విప్పి చెబితే, అది ఏ గైడులోనూ దొరకని జవాబవుతుంది.

ఆ మీమ్ దగ్గరే మీ మొదటి ఎడిటింగ్ అభ్యాసం మొదలవుతుంది. వందేళ్ల కిందట రష్యాలో దర్శకుడు కులెషోవ్ ఒకే నటుడి ముఖం పక్కన సూప్ గిన్నె, శవపేటిక, స్త్రీ షాట్లు పెట్టి చూపిస్తే, జనం అదే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చూశారంటారు. మీమ్ చేసేదీ అదే, షాట్‌కు బదులు క్యాప్షన్ పెడుతుంది. హాస్టల్ మిత్రుడొకరిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏ భావమూ లేకుండా 10 సెకన్లు తీయండి. తర్వాత మెస్ పళ్లెం, ఖాళీ మంచం, మోగుతున్న ఫోన్ 3 సెకన్ల చొప్పున తీయండి. ముఖం, వస్తువు, మళ్లీ అదే ముఖం వరుసలో మూడు ముక్కలు కట్టి, ఏమీ చెప్పకుండా వేర్వేరు మనుషులకు చూపించి, అతను ఏమనుకుంటున్నాడని అడగండి. ఇది తేలిపోవడానికి కారణాలు మూడే: మిత్రుడు నటించేయడం, అతని చూపు వెళ్లే దిక్కుకీ వస్తువున్న కోణానికీ పొంతన లేకపోవడం, రెండు షాట్ల వెలుతురు వేరుగా ఉండి అవి ఒకే గదిలోవి అనిపించకపోవడం. చూపు దిక్కు సరిచేయగానే ప్రయోగం బతుకుతుంది.

రెండో పని షాట్ లాగ్. ఇష్టమైన సినిమాలో 3 నిమిషాల సీన్ తీసుకుని, షీట్‌లో ప్రతి షాట్‌కూ ఒక వరుస రాయండి: మొదలైన సమయం, ముగిసిన సమయం, నిడివి, షాట్ సైజు, ధ్వని ఎక్కడ మారింది, ఇక్కడే ఎందుకు కోశారు. చివరి గడిలో 'బాగుందని' అని రాయకూడదు. చూపు తిరిగింది, మాట పూర్తయింది, సమాచారం అందింది, లాంటి కారణమే రాయాలి. 180 సెకన్లలో 45 షాట్లుంటే సగటు 4 సెకన్లు. సగటును నమ్మి ఆగిపోవద్దు. 25 సెకన్ల షాట్ ఒకటి, చుట్టూ సెకను ముక్కలు ఉన్నా సగటు మామూలుగానే కనిపిస్తుంది. నిడివి ఎక్కడ హఠాత్తుగా మారిందో చూడండి, దర్శకుడి ఉద్దేశం అక్కడుంటుంది. అక్కినేని శ్రీకర్ ప్రసాద్ కూర్చిన 'సఖి' దీనికి మంచిది. భార్య కోసం భర్త వెతుకులాట ఇప్పుడు జరుగుతుంటే ప్రేమకథ వెనక నుంచి వస్తుంది. రెండు కాలాల మధ్య మారే ప్రతిచోటా మనల్ని ఏది దాటించిందో, ధ్వనా, వెలుతురా, ముఖమా, రాసుకోండి. ఒక మాట గుర్తుంచుకోండి: ఫ్లాష్‌బ్యాక్ ఉన్నంత మాత్రాన సినిమా పోస్ట్‌మోడర్న్ అయిపోదు. కాలం ముందువెనకలవడం మన పురాణాలకే కొత్త కాదు.

జంప్ కట్, అంటే ఒకే షాట్ మధ్యలో ముక్క తీసేసి ముందుకు దూకించడం, కూడా అలాంటిదే. 1960లో ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ 'బ్రెత్‌లెస్'లో వాడినప్పుడు అది ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేసింది. ఇవాళ యూట్యూబ్‌లో మాట్లాడే ప్రతివాళ్లూ ఊపిరి తీసుకున్న చోటల్లా కోస్తున్నారు, ఎవరూ ఉలిక్కిపడరు. కట్ అదే, అర్థం పోయింది. పరీక్షలో దీన్ని మోడర్నిజానికీ పోస్ట్‌మోడర్నిజానికీ తేడాగా వాడుకోవచ్చు.

మూడో అభ్యాసమే అన్నింటికన్నా విలువైనది. ఒక నిమిషం సీన్ రాసుకోండి, చాలా మామూలుది, మెస్ బిల్లు అడగడం లాంటిది. దాన్నే రెండుసార్లు తీసి కట్ చేయండి, ఒకటి ఎనభైల సినిమాకు పేరడీగా, ఒకటి పాస్టిష్‌గా. పేరడీ తొందరగానే వస్తుంది, అతి చేసి, తప్పు చోట థండర్ సౌండ్ వేస్తే నవ్వొస్తుంది. పాస్టిష్ దగ్గర దొరికిపోతారు. గ్రెయిన్ ఫిల్టర్ వేసి, రంగు వెలిసినట్టు చేసి అయిపోయిందనుకుంటారు. కాలం రంగులో కన్నా ధ్వనిలోనూ షాట్ నిడివిలోనూ ఎక్కువ ఉంటుంది. అప్పట్లో మాటలన్నీ తర్వాత స్టూడియోలో డబ్ చేసినవి. ఎంత దూరపు షాట్‌లోనైనా గొంతు దగ్గరగా వినిపిస్తుంది, చుట్టూ పరిసరాల చప్పుడు దాదాపు ఉండదు. కాబట్టి మాటలు మైక్ దగ్గర పెట్టి మళ్లీ రికార్డు చేయండి, స్టీరియో తీసేసి మోనో చేయండి, ఈక్యూలో (ధ్వనిలో లోతు, పదును పాళ్లు మార్చే పరికరం) 100 హెర్ట్జ్ కిందా 7 కిలోహెర్ట్జ్ పైనా తగ్గించండి. క్లోజప్‌కు కట్ చేయాల్సిన చోట జూమ్ చేయండి. ఫోన్ జూమ్ అదురుతుంది గనుక 4కెలో తీసి 1080 టైమ్‌లైన్ మీద స్కేల్ మార్చండి, బొమ్మ పాడవదు. పోస్టర్లు, అక్షరాల పోకడ కావాలంటే తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయంలో పాత సినిమా పాటల పుస్తకాలు, కరపత్రాలు ఉన్నాయి. అక్కడ ప్రధానంగా తమిళ సామగ్రే గానీ ఆ కాలపు అచ్చు రూపం పట్టుకోవడానికి భాష అడ్డం కాదు. సిద్ధాంతం పుస్తకాలకు కొట్టూర్‌పురంలోని అన్నా సెంటినరీ లైబ్రరీకి వెళ్లండి.

ఇక యంత్రం సంగతి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ విద్యార్థి అవసరాలకు ఎక్కువే, కానీ 8 జీబీలో అది ఇబ్బంది పెడుతుంది, 16 జీబీ ఉంటే హాయి. ర్యామ్ కోసం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లేముందు మీ ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉందా, ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చిందా, డీడీఆర్4 అవునా 5 అవునా అన్నది చూసుకుని వెళ్లండి. పెంచే వీలు లేకపోతే కేడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ వాడండి, రెండూ ఉచితమే. ఏది వాడినా ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకలు ఫైళ్లు, చేసుకోండి. ఫోన్ ఇచ్చే హెచ్.265 ఫైల్ చిన్నదే గానీ, ఒక ఫ్రేమ్ చూపించాలంటే పక్క ఫ్రేములను కూడా విప్పాలి, అందుకే ప్లేబ్యాక్ ముక్కలవుతుంది. గంట ఫుటేజీకి 1080 ప్రోరెస్ ప్రాక్సీ 17 జీబీ దాకా పడుతుంది, 720 సైజులో అయితే అందులో సగం కూడా కాదు. ఎగుమతి చేసేముందు మళ్లీ ఒరిజినల్స్‌కు మారారో లేదో చూసుకోండి. అది మర్చిపోయి మసక ప్రాక్సీతోనే సబ్‌మిట్ చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఫ్రేమ్ రేట్ మొదటిరోజే తేల్చుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది. 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 25 ఫ్రేములు), షటర్ 1/50 పెడితే దానితో కలుస్తుంది. ఫోన్ మామూలుగా ఎంచుకునే 30 ఎఫ్‌పీఎస్, 1/60తో తీస్తే గోడ మీద చారలు పాకుతాయి. తీసింది 30, టైమ్‌లైన్ 25 అయితే ప్రతి సెకనులో 5 ఫ్రేములు పారేయాలి, ప్యాన్ షాట్ కుదుపులతో కదులుతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఈ అంకెలన్నీ మీరే పెట్టుకోవచ్చు. ఇంకో చిక్కు, చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును షూటింగ్ మధ్యలో మారుస్తూ పోతాయి. మొదట్లో పెదవులూ మాటా కలిసి, పదో నిమిషానికి మాట జారిపోతే కారణం అదే. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి 'వేరియబుల్' అని కనిపిస్తే, ఎడిట్ మొదలుపెట్టకముందే వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచుకుని మార్చుకోండి. రిజాల్వ్‌లో అయితే టైమ్‌లైన్ మీద క్లిప్పులు పెట్టాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చనివ్వదు.

కట్ చేసేటప్పుడు మౌస్ వదలండి. జె, కె, ఎల్ మీటలతో వెనక్కీ ముందుకీ నడుపుతూ, ఐ, ఓలతో మొదలూ చివరా గుర్తుపెట్టండి. రిజాల్వ్‌లో డిలీట్ నొక్కితే ఖాళీ మూసుకుపోతుంది, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఖాళీ మిగులుతుంది. ఈ తేడా తెలియకపోతే కింద సంగీతమంతా చెదురుతుంది. రషెస్ (తీసిన ఫుటేజీ) మొత్తం ఒకసారి చూసి, మొదటిసారి చూసినప్పుడు మనసు కదిలిన చోట్ల మార్కర్ పెట్టండి. ఆ స్పందన రెండోసారి రాదు, ఇరవయ్యోసారి చూసేటప్పుడు మీకు దారి చూపేది ఆ మార్కర్లే. మూడు నిమిషాల పనికి మొదటి అసెంబ్లీ (షాట్లన్నీ వరుసగా పేర్చిన తొలి కూర్పు) ఏడెనిమిది నిమిషాలు వచ్చినా కంగారు వద్దు. ముందు సీన్లు తీసేయండి, తర్వాత షాట్లు, చివరికే ఫ్రేములు. చాలామంది తలకిందులుగా, మొదటి రోజే ఫ్రేములు చెక్కుతూ కూర్చుంటారు. అంత కష్టపడి చెక్కిన సీన్‌ను తర్వాత తీసేయడానికి చేతులు రావు, అందుకే ల్యాగ్ మిగిలిపోతుంది.

ఎక్కడ కోయాలన్న దానికి అమెరికన్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ చెప్పిన వరుస ఇప్పటికీ ఉత్తమమైన కొలమానం: భావానికి 51 శాతం, కథకు 23, లయకు 10, చూపు ఎక్కడుందన్నదానికి 7, తెర మీది అమరికకు 5, స్థలంలో పొంతనకు 4. చేతిలో గ్లాసు ఎత్తు కలవలేదని మంచి భావమున్న టేక్ పారేయకూడదని దీని అర్థం.

ధ్వని గురించి ఇంకాస్త చెప్పాలి, విద్యార్థి సినిమాలు ఎక్కువగా పడిపోయేది అక్కడే. ప్రతి లొకేషన్‌లోనూ అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి కనీసం 30 సెకన్ల రూమ్ టోన్ (ఆ చోట సహజంగా ఉండే చప్పుడు) రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపగలిగితే ఆపండి. ఒక షాట్‌లో ఫ్యాన్ ఉండి, పక్క షాట్‌లో లేకపోతే ప్రతి కట్ చెవికి తగులుతుంది. ఆ గుంతను పూడ్చేది రూమ్ టోనే. ఆడియో కట్ దగ్గర 'టిక్' అని వస్తే తరంగం మధ్యలో తెగిందన్నమాట, 2 ఫ్రేముల క్రాస్‌ఫేడ్ చాలు. మాటల పీక్‌లు -12 నుంచి -6 డీబీ మధ్య, వాటి కింద సంగీతం అంతకన్నా 15 డీబీ తక్కువగా పెట్టి మొదలుపెట్టండి, ఆపైన చెవి చెప్పినట్టు. యూట్యూబ్‌కు మొత్తం మీద -14 లఫ్స్ (మొత్తం శబ్ద తీవ్రతకు కొలత) దగ్గర ఉంటే సరిపోతుంది. సంభాషణలో బొమ్మనూ మాటనూ ఒకేచోట కోస్తే పింగ్‌పాంగ్ ఆటలా ఉంటుంది. అవతలి మనిషి మాటను 8 నుంచి 12 ఫ్రేముల ముందే వినిపించి చూడండి, అదే జె కట్. మాట ముగియకముందే వినేవాళ్ల ముఖానికి వెళితే ఎల్ కట్. కట్ పూర్తయ్యాక ఒకసారి మ్యూట్ చేసి చూడండి, ఒకసారి తెర ఆపి వినండి. తర్వాత ఫోన్ స్పీకర్‌లో వినండి, చాలామంది వినేది అందులోనే.

తెలుగు టైటిల్స్ పెట్టినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కకు వస్తే అది ఫాంట్ తప్పు కాకపోవచ్చు. ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్'కు మార్చండి. వేరేదానిలో కుదరకపోతే ఇంక్‌స్కేప్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్‌తో రాసి, పారదర్శకమైన పీఎన్‌జీగా తెచ్చుకోండి.

ఇతరుల సినిమాల ముక్కలతో రీమిక్స్ చేయాలనుకుంటారు, ఈ పేపరుకు అది సహజమే. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత అధ్యయనం, విమర్శ, సమీక్ష, తరగతి బోధన లాంటి వాటికి మినహాయింపులిస్తుంది. అది క్లాసులో చూపించడానికి అండగా ఉంటుంది గానీ, యూట్యూబ్ యంత్రం చట్టం చదివి క్లెయిమ్ వేయదు, పోలిక దొరికితే వేసేస్తుంది. సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏటి మొదలు నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన మాయాబజార్ సినిమా హక్కు 2017తో ముగిసింది. కానీ పాట రాసిన పింగళి 1971లో పోయారు, సాహిత్యం హక్కు రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే 2031 చివరి దాకా ఉంటుంది. బొమ్మ స్వేచ్ఛగా దొరికినా పాట దొరకదు. రంగులద్దిన 2010 ప్రతి జోలికి వెళ్లకండి, దానిది వేరే లెక్క. చిక్కు లేకుండా సాధన చేయాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింగర్ సేకరణలోని పాత ప్రకటనలు, విద్యా చిత్రాలు తీసుకోండి, ప్రతిదాని పేజీలోనూ హక్కుల వివరం చూసుకుని. ఆ అమెరికన్ ప్రకటన మీద తెలుగు వ్యాఖ్యానం పెట్టి అర్థం తలకిందులు చేసి చూడండి. ఇంటర్‌టెక్స్చువాలిటీ మీద అసైన్‌మెంట్ కూడా అయిపోతుంది.

పరీక్ష జవాబులో భావనను రెండు వాక్యాల్లో చెప్పి, ఒక్క సినిమా తీసుకుని, అందులో ఒక్క కట్‌ను వర్ణించండి: ముందు షాట్ ఏది, తర్వాతది ఏది, మధ్యలో ఏం మారింది. ఆ తర్వాత ఆ భావన ఎక్కడ సరిపోలేదో రాయండి. పది సినిమాల పేర్లు వరుసగా రాయడం కన్నా ఇది బలంగా నిలుస్తుంది.

వేసవిలో సాలిగ్రామం, వడపళని వైపు ఎడిటింగ్ సూట్లలో పనికి వెళ్లాలనుకుంటే, మొదట మీ చేతికి వచ్చేది సింక్ చేయడం, లాగ్ రాయడం, సౌండ్‌కు పంపడం. తమిళం తెలిసిన తెలుగువాళ్లకు డబ్బింగ్ వెర్షన్ల దగ్గర విలువుంటుంది, సంకోచించకుండా చెప్పుకోండి. షోరీల్ 60 నుంచి 90 సెకన్లు దాటనివ్వకండి, అందులో సంగీతం మీద కోసిన మాంటేజ్ ఒక్కటే కాకుండా కనీసం 20 సెకన్ల సంభాషణ సీన్ ఉండాలి, కూర్పు తెలిసినవాళ్లు చూసేది దాన్నే. సౌండ్‌కు పంపడం ఇప్పుడే సాధన చేయండి: పిక్చర్ లాక్ అయ్యాక (బొమ్మ కూర్పు ఇక మార్చమని తేల్చాక), ప్రతి క్లిప్‌కూ అటూ ఇటూ 2 సెకన్ల హ్యాండిల్స్‌తో (అదనపు ముక్కలతో) ఏఏఎఫ్ (టైమ్‌లైన్‌ను సౌండ్ సాఫ్ట్‌వేర్‌కు అందించే ఫైల్), తెర మీద టైమ్‌కోడ్ కనిపించే రిఫరెన్స్ వీడియో, రెండింటిలోనూ మొదటి ఫ్రేముకు సరిగ్గా 2 సెకన్ల ముందు ఒక ఫ్రేమ్ నిడివి బీప్. ఆ బీప్ రెండు ఫైళ్లలో ఒకే ఫ్రేము మీద పడకపోతే పంపకండి, ఎగుమతి సెట్టింగులలో ఫ్రేమ్ రేట్ మళ్లీ చూడండి.